వారం రోజుల చిన్న పడవలో గ్రీకు దీవులు: ముందు మార్చాల్సింది నెల, తర్వాత దారి

ప్రశ్న: మేం మొత్తం ఆరుగురం. నేను, మావారు, 13, 9 ఏళ్ల పిల్లలు, 66 ఏళ్ల మామగారు, 62 ఏళ్ల అత్తగారు. ఆగస్టు రెండో వారంలో ఏథెన్స్‌లో ఒక చిన్న యాట్ మాట్లాడుకుని, మికొనోస్, శాంటోరిని చూసుకుని వారంలో వెనక్కి రావచ్చని ట్రావెల్ ఏజెంటు చెబుతున్నారు. పడవ నడపడం మాలో ఎవరికీ రాదు. అత్తగారికి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. అత్తమామలిద్దరూ శాకాహారులు. ఇది మాకు కుదిరే పనేనా? ఏమేం చూసుకోవాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: కుదురుతుందండీ. ఆరుగురు కలిసి ఉండటానికి చిన్న పడవ చాలా మంచి పద్ధతి కూడా. కానీ మీ ఏజెంటు ఇచ్చిన ప్లాన్ మాత్రం ఒప్పుకోకండి. అందులో నెల తప్పు, దీవులూ తప్పే. మీ అత్తగారు వస్తున్నారు కాబట్టి ఇంకా తప్పు.

ముందు దూరాలు చూడండి. ఏథెన్స్‌లో యాట్లు బయల్దేరేది ఎక్కువగా అలిమోస్ మెరీనా (యాట్లు కట్టే రేవు) నుంచి. అక్కడి నుంచి మికొనోస్ దాదాపు 85 నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు, కింద మైళ్లన్నీ ఇవే). మికొనోస్ నుంచి శాంటోరిని 65 పైన. శాంటోరిని నుంచి తిరిగి అలిమోస్‌కు ఇంచుమించు 125. మొత్తం 275 మైళ్లు. 45 అడుగుల పడవ గంటకు సగటున ఆరు మైళ్లు పోతుంది, అంటే దాదాపు 46 గంటల ప్రయాణం. శనివారం సాయంత్రం పడవ చేతికిచ్చి, మళ్లీ శుక్రవారం సాయంత్రానికల్లా మెరీనాకు తెమ్మంటారు కనుక మీకు నికరంగా మిగిలేవి ఆరు పగళ్లు. రోజుకు ఏడెనిమిది గంటలు సముద్రం మీదే గడిచిపోతాయి. దీవి చూసేదెప్పుడు?

ఇది సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పటి లెక్క. ఆగస్టులో ఈ దీవులున్న ఏజియన్ సముద్రం ప్రశాంతంగా ఉండదు. జులై, ఆగస్టుల్లో అక్కడ మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. బాల్కన్ దేశాల మీద గాలిపీడనం ఎక్కువగానూ, ఎండకు కాగిన టర్కీ భూభాగం మీద తక్కువగానూ ఉంటుంది. ఆ తేడా వల్ల పుట్టే గాలి ఇది. ఆకాశంలో ఒక్క మబ్బు కూడా కనబడదు, ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి ఆగదు. మికొనోస్, పారోస్, నాక్సోస్ ఉన్న మధ్య సైక్లడీస్ దీవుల్లో దాని జోరు మరీ ఎక్కువ. గాలి జోరును కొలిచే బోఫర్ట్ స్కేలు మీద 6 మామూలే, 7, 8 కూడా వస్తాయి. 6 అంటే గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల గాలి. శాంటోరినికి పోయేటప్పుడు ఆ గాలి వీపున ఉండి తోస్తుంది, హాయిగానే ఉంటుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. ఏథెన్స్ ఉన్నది వాయవ్యాన, గాలి వచ్చేది ఉత్తరాన్నించి. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురుపోలేదు, అటూ ఇటూ వంకరగా కోసుకుంటూ పోవాలి. 125 మైళ్ల దారి ఇంకా పెరుగుతుంది, ప్రతి అల పడవ ముక్కు మీదే పగులుతుంది. వారం ప్లాన్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. గాలి తగ్గేదాకా ఏదో దీవిలో రెండు మూడు రోజులు చిక్కుకుపోతారు. లేదా పడవ అప్పజెప్పాల్సిన గడువు కోసం స్కిప్పర్ (పడవ నడిపే మనిషి) ఆ గాలిలోనే బయల్దేరతాడు. రెండోది మరీ ప్రమాదం.

శాంటోరినిలో ఇంకో ఇబ్బంది ఉంది. అది పేలి కుంగిపోయిన అగ్నిపర్వతపు గిన్నె. ఫొటోల్లో కనిపించే తెల్లటి ఊళ్ల కింద నీటి లోతు వందల మీటర్లు. లంగరు వేద్దామంటే నేల అందదు. దక్షిణాన వ్లిహాద అనే చిన్న మెరీనా ఉంది గానీ దాని ముఖద్వారం ఇసుకతో పూడుతుంటుంది, ఆగస్టులో చోటు దొరకడం కష్టం. శాంటోరిని మీద ఆశ ఉంటే దాన్ని యాట్‌తో ముడిపెట్టకండి. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి వేగంగా పోయే ఫెర్రీలో ఐదు గంటలు, పెద్ద ఫెర్రీలో ఏడెనిమిది గంటలు పడుతుంది. యాట్ వారం అయ్యాక రెండు రాత్రులు హోటల్లో ఉండి చూసి రండి.

నెల విషయంలో మన స్కూళ్లు మీకు కలిసొచ్చాయి. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులే కదా. మే చివరి వారం, జూన్ మొదటి వారం గ్రీస్‌లో పడవ ప్రయాణానికి మంచి సమయం. మెల్టెమి ఇంకా మొదలై ఉండదు, ఎండ భరించేలా ఉంటుంది, రేవుల్లో చోటు దొరుకుతుంది, పడవ అద్దె ఆగస్టు కంటే బాగా తక్కువ. నీళ్లు కొంచెం చల్లగా ఉంటాయి, పిల్లలకు అదేమీ అడ్డు కాదు. దసరా సెలవులు సెప్టెంబరు నెలాఖర్లో పడిన ఏడు అయితే అప్పుడూ బాగుంటుంది. వేసవంతా కాగిన నీళ్లు వెచ్చగా ఉంటాయి, గాలి జోరు తగ్గి ఉంటుంది.

దీవుల విషయానికొస్తే, సరోనిక్ గల్ఫ్‌కు వెళ్లండి. ఏథెన్స్ ముంగిట్లో ఉన్న సముద్రం అది. మూడు వైపులా నేల కాచుకుని ఉంటుంది కాబట్టి ఉత్తరపు గాలి ఇక్కడికి వచ్చేసరికి చాలావరకు మెత్తబడుతుంది. దూరాలు కూడా దగ్గర. మీ ఆరుగురికీ నప్పే దారి ఇలా ఉంటుంది.

శనివారం రాత్రి అలిమోస్‌లోనే పడవలో పడుకోండి. ఆదివారం పొద్దున బయల్దేరితే ఎజీనా 16 మైళ్లు, మూడు గంటల్లోపు. ఎజీనా పిస్తాకు పేరు మోసిన దీవి, రేవు గట్టు మీదే దుకాణాలు. సాయంత్రం టాక్సీలో అఫాయా గుడికి వెళ్లండి. క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టింది, స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. సోమవారం 15 మైళ్లు పడమరకు, గ్రీస్ దక్షిణ భూభాగమైన పెలొపొనీస్ తీరాన పాలయా ఎపిడవ్రోస్ అనే రేవు ఊరు. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు పెద్ద రాతి రంగస్థలం ఇక్కడికి దగ్గర. ఒక్క జాగ్రత్త: రేవు ఊళ్లోనే ఇంకో చిన్న పురాతన రంగస్థలం ఉంది. అదే ఇదనుకుని చూసేసి వెనక్కొచ్చేవాళ్లున్నారు. సుమారు 14 వేల మంది పట్టే పెద్దది లోపలికి, వైద్య దేవుడు అస్క్లెపియస్ ఆలయ ప్రాంగణంలో ఉంటుంది. టాక్సీలో అరగంట లోపు. టాక్సీని ఆపుకుని, రానూపోనూ ముందే మాట్లాడుకోండి.

మంగళవారం మెథనా ద్వీపకల్పం చుట్టి పోరోస్, 20 మైళ్ల పైన. ఇదే వారంలో ఎక్కువసేపు పట్టే ప్రయాణాల్లో ఒకటి, పొద్దున్నే తెమలండి. పోరోస్‌లో పెద్దవాళ్లకు నడక తక్కువ, రేవులోనే అన్నీ ఉంటాయి. నీళ్లు, కరెంటు ఇక్కడ నింపుకోండి. బుధవారం హైడ్రా, 12 మైళ్లే.

హైడ్రా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అందరికీ నచ్చే దీవీ అదే, పడవలకు ఎక్కువ తలనొప్పీ అక్కడే. కార్లు, బైకులు నిషేధం. సామాను మోసేవి కంచరగాడిదలు. ఊరు అందంగా ఉంటుంది, రేవు మాత్రం అరచేయంత. మధ్యాహ్నం పన్నెండు దాటితే గట్టు నిండిపోతుంది. తర్వాత వచ్చినవాళ్లు ముందున్న పడవల ముందు రెండో వరస, మూడో వరస కట్టుకుంటారు. అప్పుడు మీరు గట్టెక్కాలంటే పక్క పడవల మీదుగా దాటుకుంటూ పోవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది కుదరదు. అందుకని పోరోస్‌లో ఏడున్నరకే లంగరు తీయించి, పదికల్లా హైడ్రా చేరండి. చోటు లేకపోతే పట్టు పట్టకండి. ఎదురు తీరంలో ఎర్మియోని ఉంది, ప్రశాంతమైన రేవు. మర్నాడు పొద్దున అక్కడి నుంచి ఫెర్రీలో హైడ్రా చూసి రావచ్చు.

గురువారం వెనక్కి తిరిగి ఎజీనా దక్షిణ కొసన ఉన్న పెర్దికా, సుమారు 22 మైళ్లు. దాని ఎదుట మోని అనే చిన్న దీవి. అక్కడ నెమళ్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. పిల్లలు ఈత కొట్టడానికి నీళ్లు అద్దంలా ఉంటాయి. శుక్రవారం 20 మైళ్లు, అలిమోస్. మొత్తం కలిపితే దాదాపు 106 మైళ్లు, రోజుకు సగటున మూడు గంటలు. ఇంకా దూరాన ఉన్న స్పెట్సెస్ దీవి కూడా కలుపుకోమని ఎవరైనా అంటే వద్దనండి. అది కలిస్తే శుక్రవారం తిరుగు ప్రయాణం రోజంతా సాగుతుంది, ఆ రోజు గాలి ఎదురైతే గడువు తప్పుతుంది.

సరోనిక్‌లో ఇంకో మేలుంది. అత్తగారికి రెండో రోజే ఇక నావల్ల కాదనిపిస్తే, ఎజీనా నుంచి పిరేయస్‌కు వేగపు ఫెర్రీలో 40 నిమిషాలు, మామూలు దాంట్లో గంటంపావు. పోరోస్, హైడ్రా నుంచీ రోజూ ఫెర్రీలున్నాయి. మామగారు, అత్తగారు హాయిగా ఏథెన్స్‌లో దిగిపోవచ్చు, మిగతావాళ్ల ప్రయాణం ఆగదు. సైక్లడీస్ మధ్యలో గాలికి ఫెర్రీలే ఆగిపోయిన రోజున ఆ వీలుండదు.

ఇక పడవ. మీలో ఎవరికీ లైసెన్సు లేదు కాబట్టి స్కిప్పర్‌తో సహా తీసుకోవాలి. ఈ స్కిప్పర్‌కు రోజుకు సుమారు 200 యూరోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పడవ అద్దెకు అదనం. అతనికి పడుకోవడానికి విడిగా చోటు, తిండి మీదే. ఏజెంట్లు చెప్పే తలా ఇంత అనే లెక్కలో ఇవి కలవకపోవచ్చు, రాతపూర్వకంగా అడగండి. ఆరుగురికీ స్కిప్పర్‌కూ నాలుగు కేబిన్లు కావాలి. తెరచాప పడవ రెండు రకాలు. ఒకే పొట్ట (నీళ్లలో తేలే భాగం) ఉన్న మోనోహల్ గాలికి పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగి నడుస్తుంది. పడవలంటే మోజున్నవాళ్లకు అదే ఆనందం, మోకాళ్ల నొప్పులవాళ్లకు అదే శిక్ష. మీకు కాటమరాన్ సరి. రెండు పొట్టలుంటాయి, ఒరగదు, మధ్యలో గది నేలకు సమంగా ఉంటుంది, వెనక మెట్లు దిగి నీళ్లలోకి జారవచ్చు. అద్దె ఎక్కువ. వెడల్పు ఏడు మీటర్ల పైచిలుకు కాబట్టి హైడ్రా లాంటి చోట గట్టు దొరకడమూ కష్టమే. అయినా మీ ఇంటికి అదే తగినది. ఒకటి మాత్రం తెలుసుకోండి: కాటమరాన్ ఒరగదు గానీ పొట్టి అలల మీద కుదుపు ఉంటుంది. కడుపులో తిప్పడం పూర్తిగా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అత్తగారి విషయంలో మందు ముందే తేల్చుకోవాలి. ప్రయాణపు వాంతులకు మన దగ్గర సిన్నారిజిన్, మెక్లిజిన్ లాంటివి రాస్తారు. రెండూ నిద్ర తెప్పిస్తాయి. బీపీ, గ్లాకోమా, ప్రొస్టేట్ ఇబ్బందులుంటే డాక్టరును అడక్కుండా వాడకూడదు. ఊళ్లో ఉండగానే ఒకసారి వేసుకుని ఎలా ఉందో చూడమనండి. తిప్పడం మొదలయ్యాక మాత్ర అంతగా పనిచేయదు, బయల్దేరడానికి గంటా రెండు గంటల ముందే పడాలి. ఖాళీ కడుపు మరీ చెడ్డది. రెండు ముక్కలు కాల్చిన రొట్టె తిని, బయట వెనక భాగంలో కూర్చుని, దూరాన ఆకాశం నీళ్లూ కలిసే గీతను చూస్తూ ఉండాలి. ఫోను చూడటం, కింద కేబిన్‌లో తలుపేసుకుని పడుకోవడం, వంటగదిలో నిలబడటం, ఈ మూడూ కడుపును తిప్పేవే. వాంతి వస్తే గాలి పోయే వైపు, ఎవరైనా పట్టుకుని ఉండగా.

గ్రీస్ రేవుల్లో పడవ కట్టే పద్ధతి మీకు కొత్తగా ఉంటుంది. గట్టుకు పక్కగా ఆనించరు. గట్టుకు మూడు నాలుగు పడవల పొడవు దూరంలో ముందు లంగరు వదిలి, గొలుసు పోసుకుంటూ వెనక్కి వచ్చి, పడవ వెనక భాగాన్ని రెండు తాళ్లతో గట్టుకు కడతారు. గొలుసు తక్కువ పోస్తే లంగరు నేలలో పాతుకోదు, అర్ధరాత్రి గాలికి పడవ గట్టుకు కొట్టుకుంటుంది. లోతుకు నాలుగైదు రెట్లు పోయాలి. హైడ్రాలో పొద్దున్నే ఒకరి గొలుసు మీద ఒకరి గొలుసు పడి, లంగరు పైకి రాక అరగంట కుస్తీ పడటం రోజూ ఉండేదే. కంగారు పడకండి, స్కిప్పర్లకు అది అలవాటే. ఆ సమయంలో మీ పని రెండే. పిల్లల్ని కూర్చోబెట్టడం. పడవ గట్టుకో, పక్క పడవకో తగులుతుంటే చేయి గానీ కాలు గానీ అడ్డం పెట్టకపోవడం. పది టన్నుల బరువును కాలు ఆపలేదు, ఎముక విరుగుతుంది. అడ్డం పెట్టడానికి గాలి బుడగల్లాంటి ఫెండర్లు ఉంటాయి. లంగరు గొలుసు లాగే విండ్లాస్ దగ్గరికి తొమ్మిదేళ్ల బాబునో పాపనో అసలు రానివ్వకండి. వేళ్లు పోయేది అక్కడే.

పడవ నుంచి గట్టుకు దిగేది ఒక సన్నటి పలక మీద. జానెడు కంటే కొంచెం ఎక్కువ వెడల్పు, చాలావాటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చేతికి ఆసరా ఉన్న పలక కావాలని బుకింగ్‌లోనే అడగండి. ఫెర్రీ పోయినప్పుడు లేచే అలకు పలక ఎగిరిపడుతుంది, ఆ రెండు నిమిషాలు ఎవరూ దాని మీద ఉండకూడదు. ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే రబ్బరు తెప్పలో దిగాలి, అది అత్తగారికి ఇంకా కష్టం. రాత్రులన్నీ గట్టు ఉన్న రేవుల్లోనే గడిపేలా చూడమని స్కిప్పర్‌కు మొదటి రోజే చెప్పండి.

పిల్లల లైఫ్‌జాకెట్లకు వాళ్ల బరువు రాసి పంపండి, లేకపోతే పెద్దవాళ్లవి ఇస్తారు. అవి నీళ్లలో తల మీదుగా జారిపోతాయి. ఇంజిన్ ఆగిందని స్కిప్పర్ గట్టిగా చెప్పేదాకా ఎవరూ నీళ్లలోకి దూకకూడదు. రాళ్ల మీద సీ అర్చిన్లు ఉంటాయి, ముళ్లు విరిగి పాదంలో ఉండిపోతాయి. రబ్బరు చెప్పులు తప్పనిసరి. అత్యవసరానికి 112, గ్రీస్ కోస్ట్ గార్డ్ 108.

పడవలో నీళ్లు మన ఇంట్లోలా వాడితే రెండో రోజే అయిపోతాయి. ట్యాంకు 300 నుంచి 600 లీటర్లు, మీరు ఏడుగురు. ఈత కొట్టి వచ్చాక వెనక మెట్ల మీద నిమిషం స్నానం, తాగడానికి విడిగా సీసాలు. టాయిలెట్‌లో కాగితం వేయకూడదు. సన్నటి గొట్టం మూసుకుపోతే ఆ బాగుచేత ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోతుంది. రైస్ కుక్కర్, మిక్సీ తీసుకుపోకండి. గట్టు కరెంటు ఉంటే తప్ప చాలా పడవల్లో అవి నడవవు. గ్యాస్ పొయ్యి ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకుపోతే పప్పన్నం అయిపోతుంది, కానీ పడవ నడుస్తుండగా వండొద్దు.

తిండికి అత్తమామలు ఇబ్బంది పడరు. ఫావా అనే ముద్ద దాదాపు మన ముద్దపప్పే, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె. బ్రియమ్ అంటే వంకాయ, బంగాళాదుంప, గుమ్మడి జాతి కాయ కలిపి కాల్చిన కూర. యిగాంతెస్ పెద్ద చిక్కుడు గింజలు టమాటాలో. గెమిస్తా అంటే టమాటా, క్యాప్సికమ్‌లో అన్నం కూరింది, కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. 'నిస్తీసిమో' అంటే ఉపవాసపు వంట, మాంసం, పాలు, గుడ్డు ఉండవు. రొయ్య, ఆక్టోపస్ మాత్రం ఉండొచ్చు, కాబట్టి ఆ ఒక్క మాట నమ్ముకోకండి. ఇంటి నుంచి పొడులు, ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, ఏ రకం మాంసమైనా యూరప్‌లోకి రానివ్వరు. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు.

డిపాజిట్ రెండు మూడు వేల యూరోల నుంచి మొదలవుతుంది, కాటమరాన్‌కు ఇంకా ఎక్కువ. ఆ మొత్తాన్ని కార్డు మీద బిగబట్టి ఉంచుతారు. ఫారెక్స్ కార్డు చాలాచోట్ల దీనికి పనికిరాదు. అంతర్జాతీయ లావాదేవీలకు తెరిచి, అంత పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు కావాలి. పడవ తీసుకునేటప్పుడు స్కిప్పర్‌తో కలిసి ఒక గంట కేటాయించండి. పక్కల మీది గీతలు, రబ్బరు తెప్ప, దాని మోటారు ప్రొపెల్లర్, తెరచాపల కుట్లు అన్నీ ఫొటోలు తీయండి. ప్రతి టాయిలెట్ పంపూ కొట్టి చూడండి, ఫ్రిజ్, దీపాలు, విండ్లాస్ నడిపించి చూడండి. ఉన్న లోపం కాగితం మీద రాయించాకే సంతకం. డీజిలు నింపి తిరిగి ఇవ్వాలి, చివరి శుభ్రతకు వేరే రుసుము ఉంటుంది. సామాను మెత్తటి సంచుల్లో తెచ్చుకోండి. గట్టి సూట్‌కేసు దాచే చోటు పడవలో లేదు.

వీసా షెంజెన్, అంటే గ్రీస్ సహా చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మే నెలకైతే జనవరి, ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి, వేసవికి రద్దీ ఎక్కువ. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. బస వివరాల్లో యాట్ ఒప్పందం, ముందూ వెనకా ఉండే హోటళ్ల బుకింగ్, రెండూ జతచేయండి. ఏజెంటు బేరంలో భాగంగా టర్కీ పక్కనున్న కోస్, రోడ్స్ దీవుల వైపు దారి చూపించి, మధ్యలో టర్కీ తీరం కూడా కలిపితే ఒప్పుకోకండి. టర్కీలో అడుగుపెట్టగానే షెంజెన్ దాటినట్టు లెక్క. మీది ఒక్కసారి ప్రవేశించే వీసా అయితే మళ్లీ గ్రీస్‌లోకి రానివ్వరు.

మీరు ఇప్పుడు ఏజెంటును అడగాల్సింది ఇది: మే ఆఖరి శనివారం నుంచి, అలిమోస్‌లో నాలుగు కేబిన్ల కాటమరాన్, స్కిప్పర్‌తో, చేతి ఆసరా ఉన్న పలకతో, సరోనిక్ దారి. ఇందులో స్కిప్పర్ జీతం, శుభ్రత రుసుము, డిపాజిట్ మొత్తం విడివిడిగా రాసి ఇవ్వమనండి. ఆ కాగితం ఇవ్వడానికి తటపటాయిస్తే ఇంకో ఏజెంటును చూసుకోండి.